తాళం వేయడం అవిశ్వాసం కాదు

సహోదరీ, వందనాలు. డిమెన్షియాతో (మతిమరుపు జబ్బుతో) ఉన్న మీ అమ్మగారు రాత్రిళ్లు బయటికి వెళ్లిపోతున్నారని, తలుపుకు తాళం వేస్తే దేవుణ్ని నమ్మనట్లేనా అని అడిగారు. కానే కాదు. బైబిల్లో నెహెమ్యా 4:9 చూడండి: యెరూషలేము గోడ కడుతున్నవాళ్లు శత్రువులు బెదిరించినప్పుడు ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కావలీ పెట్టారు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి! మత్తయి 2లో యోసేపు కూడా కలలో హెచ్చరిక అందాక తెల్లవారేదాకా ఆగలేదు. ఆ రాత్రే బిడ్డ యేసును, తల్లి మరియను తీసుకుని ఐగుప్తుకు బయలుదేరాడు.

తలుపు తీస్తే మోగే గంట అమర్చండి. మీ ఫోను నంబరున్న పట్టీ ఆమె చేతికి కట్టండి. ఒంటరిగా ఉంచి మాత్రం తాళం వేయకండి, నిప్పంటుకుంటే బయటపడలేరు. పడుకునే ముందు ఆమె చెయ్యి పట్టుకుని 121వ కీర్తన నెమ్మదిగా చదవండి. ఎన్నో మరిచినవాళ్లు కూడా చిన్ననాటి కీర్తనలకు పెదవులు కదుపుతారు. మీకూ నిద్ర కావాలి. వంతులవారీగా తోడుండమని సంఘంలో ఇద్దరిని మొహమాటం లేకుండా అడగండి.