ఆ మాట ఎవరిదో రాయి

అమ్మాయికి, ఆశీస్సులు.

జర్మనీ డిజిటల్ కంపెనీల సంఘం బిట్‌కామ్ మీద నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. భాష బాగుంది, శ్రమ కనిపిస్తోంది. అయినా చదవడం పూర్తయ్యాక ఆ సంఘం రోజూ చేసే పని ఏమిటో నాకు తెలియలేదు. “జర్మనీ డిజిటల్ రంగానికి గొంతుక”, “మార్పుకు చుక్కాని” అన్నావు. అలాంటి మాటలు ఏ సంఘమైనా తన కరపత్రంలో తానే రాసుకోగలదు. దానికి నువ్వు అక్కర్లేదు.

ముందు అసలు విషయాలు సూటిగా చెప్పు. 1999 అక్టోబరులో కొన్ని పరిశ్రమల సంఘాలు కలిసి బెర్లిన్‌లో దీన్ని ఏర్పాటు చేశాయి. ఈనాడు 2,200కు పైగా కంపెనీలు సభ్యులు. డాయిష్ టెలికామ్, ఎస్‌ఏపీ వంటి పెద్దలు, వందలాది చిన్న సంస్థలు, స్టార్టప్‌లు, అమెరికా దిగ్గజాల జర్మనీ శాఖలు అన్నీ అందులోనే. జర్మనీలో వ్యాపారం పెట్టినవారిలో చాలామంది స్థానిక పరిశ్రమల, వాణిజ్య మండలిలో చట్టప్రకారం సభ్యులు కావలసిందే. బిట్‌కామ్‌లో చేరడం మాత్రం ఇష్టాన్ని బట్టి. జీతాల బేరం దీని పని కాదు, అది యజమానుల సంఘాలకూ కార్మిక సంఘాలకూ మధ్య జరిగే వ్యవహారం. మన పాఠకులకు భారత ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్‌తో పోల్చి చెప్పవచ్చు, కానీ ఒక్క వాక్యంతో సరిపెట్టు. పోలిక పెరిగితే వ్యాసం బెంగళూరు చేరుకుంటుంది.

“తెర వెనుక మంత్రాంగం” అన్న మాట కొట్టెయ్. చట్టాల మీద సంఘాలు ప్రభావం చూపే ఈ వ్యవహారంలో చాలా భాగం తెర ముందే, కాగితం మీదే జరుగుతుంది. జర్మనీలో కేంద్ర మంత్రిత్వ శాఖ ఒక ముసాయిదా చట్టం తయారుచేస్తే, సంబంధిత సంఘాలకు పంపి అభిప్రాయం అడగాలని ప్రభుత్వ కార్యవిధానంలోనే ఉంది. ముసాయిదా అందగానే సభ్య కంపెనీల న్యాయవాదులు, ఇంజనీర్లు కూర్చుని సంఘం తరఫున అభిప్రాయ పత్రం సిద్ధం చేస్తారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. యూరప్ తన డేటాకు తానే యజమాని కావాలని కోరే కంపెనీ, ఆ డేటాను తన సర్వర్లలో ఉంచుకుని లాభపడే అమెరికా కంపెనీ ఒకే బల్ల దగ్గర ఉంటాయి. ఇద్దరూ ఒప్పుకునే వాక్యం ఎంత మెత్తగా ఉంటుందో ఊహించుకో. అందుకే అభిప్రాయ పత్రం చదివేటప్పుడు అందులో ఉన్నదానితో పాటు లేనిదాన్నీ గమనించు. ఏ అంశం మీద సంఘం మౌనంగా ఉందో, సాధారణంగా సభ్యుల మధ్య తగువు ఉన్నది అక్కడే.

2022 జనవరి 1 నుంచి పార్లమెంటు నిర్వహించే లాబీ రిజిస్టర్, అంటే చట్టాలను ప్రభావితం చేయాలని చూసేవారి పట్టిక ఉంది. ఖర్చు ఎంత, ఆ పనిలో ఎంతమంది ఉన్నారన్నది సంఘాలు అందులో నమోదు చేయాలి. 2024 మార్చి నుంచి నిబంధనలు బిగిశాయి: ఏ చట్టాన్ని ప్రభావితం చేయాలనుకుంటున్నారో కూడా చెప్పాలి. నువ్వు దాన్ని తెరిచినట్టు లేవు. తెరువు.

ఇక నీ వ్యాసంలో అసలే లేని కథ ఒకటుంది. రాసుకుని బతికేవాళ్ళం కాబట్టి మనకు మిగిలినవాటికంటే ముందు కనబడవలసింది అదే.

జనం ఇంట్లో కూర్చుని పాటలు టేపు చేసుకుంటుంటే ఇంటింటికీ పోలీసులను పంపలేరు. అందుకని 1965 నాటి జర్మనీ కాపీరైట్ చట్టం టేప్ రికార్డర్ మీదే లెవీ, అంటే ప్రత్యేక రుసుము వేసింది. ఆ సొమ్ము రచయితలకు, కళాకారులకు చేరాలి. 1985లో జిరాక్స్ యంత్రాలు కూడా ఈ పద్ధతిలోకి వచ్చాయి. తరువాత కంప్యూటర్లు, ఫోన్లు, టాబ్లెట్లు. చెల్లించేది తయారీదారు లేదా దిగుమతిదారు, చివరికి ఆ భారం కలిసేది ధరలో. ఇలాంటి పరికరాల మీద లెవీ వసూలు చేసేది మ్యూనిక్‌లోని ఒక ఉమ్మడి సంస్థ. అందులో రచయితలు, పాత్రికేయుల హక్కుల సంస్థ వీజీ వోర్ట్ కూడా భాగస్వామి.

2008 నుంచి లెవీ ఎంతన్నది చట్టం నేరుగా నిర్ణయించడం లేదు. హక్కుల సంస్థలూ పరికరాల కంపెనీలూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. పరికరాల కంపెనీల తరఫున బల్ల దగ్గర కూర్చునేవారిలో ముఖ్యమైనది బిట్‌కామ్. 2015 చివర కుదిరిన ఒప్పందం ప్రకారం సాధారణ వినియోగదారుడు కొనే ఫోనుకు 6.25 యూరోలు, టాబ్లెట్‌కు 8.75 యూరోలు. ఆఫీసుల కోసం కొనేవాటికి తక్కువ. ఒప్పందం కుదరకపోతే పేటెంట్, ట్రేడ్‌మార్క్ కార్యాలయంలోని మధ్యవర్తి మండలి దగ్గరకు, ఆపైన కోర్టులకు వెళ్తారు. ఇప్పుడందరూ స్ట్రీమింగ్‌లో వింటున్నారు, చూస్తున్నారు, కాపీ చేసుకునేవారెవరు, ఈ పద్ధతికి కాలం చెల్లింది అన్నది పరికరాల పక్షం వాదన. కాపీలు ఆగలేదు, పరిహారం ఎలా ఆపుతారన్నది హక్కుదారుల వాదన.

ఇది రాసేటప్పుడు నీ చెయ్యి ఒకవైపు లాగుతుంది. మనం రచయితలం, అవతలివాళ్ళు మన సొమ్ముకు అడ్డుపడుతున్నారు అనిపిస్తుంది. ఆ కోపాన్ని వాక్యాల్లోకి రానివ్వకు. మనవైపు సంస్థలకూ స్వప్రయోజనాలుంటాయి. వీజీ వోర్ట్ రచయితలకు రావలసిన సొమ్ములో ప్రచురణకర్తలకు ఏకమొత్తంగా వాటా పంచడం చెల్లదని 2016 ఏప్రిల్‌లో జర్మనీ ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ దావా వేసింది పరికరాల కంపెనీ కాదు, ఒక రచయితే. ఈ ముక్క నీ వ్యాసంలో ఉంటే పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బిట్‌కామ్ ఎడతెగకుండా సర్వేలు చేస్తుంది, పత్రికలు వాటిని ఇష్టంగా వేసుకుంటాయి. “జర్మన్లలో 82 శాతం ఇప్పటికీ ఫ్యాక్స్ పంపుతున్నారు” అని రాశావు. 2023 నాటి ఆ సర్వేలో అడిగింది జర్మన్లను కాదు, 20 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న కంపెనీలను. నవ్వొచ్చే అంకె కదా అని వదిలేస్తే రేపు నవ్వు రాని అంకె దగ్గరా అదే జరుగుతుంది.

నవ్వు రానిది కూడా నీ వ్యాసంలోనే ఉంది: ఐటీ నిపుణుల కొరత. 2023లో 1,49,000 ఖాళీలని బిట్‌కామ్ చెప్పింది, 2025లో 1,09,000 అంది. ఇవి కంపెనీలను అడిగి దేశం మొత్తానికి లెక్కగట్టిన అంచనాలు. అడిగింది నిపుణులు దొరకాలని కోరుకునే కంపెనీల సంఘం. అంతమాత్రాన అబద్ధమని కాదు. కానీ హైదరాబాద్‌లో అప్పు చేసి పిల్లవాణ్ణి జర్మనీకి పంపే తండ్రి ఈ అంకెను ఉద్యోగాల హామీగా చదువుతాడు. రెండేళ్ళలో నలభై వేలు ఎలా తగ్గాయో, జర్మన్ భాష రాకపోతే ఆ ఖాళీల్లో ఎన్నింటికి దరఖాస్తు పెట్టగలడో నువ్వు అడగకపోతే అతని తరఫున ఎవరు అడుగుతారు?

2000 నాటి జర్మనీ గ్రీన్ కార్డు గురించి రాసిన పేరా నాకు నచ్చింది. ఆ ఫిబ్రవరిలో హానోవర్ సీబిట్ ప్రదర్శనలో ఛాన్సలర్ ష్రోడర్ ప్రకటించడం, ఆగస్టు 1 నుంచి 20,000 మంది ఐటీ నిపుణులకు గరిష్ఠంగా ఐదేళ్ళ అనుమతి, భారతీయుల బదులు జర్మనీ పిల్లలనే కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టాలని అక్కడి రాజకీయ నాయకుడు రూట్‌గెర్స్ ప్రచారం చేయడం అన్నీ సరిగ్గానే చెప్పావు. అప్పుడు మనుషులు కావాలని అడిగింది పరిశ్రమ, మాటలు పడింది వచ్చినవాళ్ళు. డిగ్రీ లేకున్నా అనుభవం ఉన్న ఐటీ నిపుణులకు 2023 నవంబరు నుంచి బ్లూ కార్డు అనే నివాస, ఉద్యోగ అనుమతి ఇస్తున్నారు కాబట్టి కథ ఇంకా నడుస్తూనే ఉంది. అయితే అది ఈ వ్యాసంలో ఇమడదు. విడిగా రాయి, అప్పుడు వెళ్ళిన మన తెలుగువాళ్ళను వెతికి మాట్లాడు.

ఒక సంగతి చేర్చు. డిజిటల్ వ్యవహారాలకు ప్రత్యేక మంత్రిత్వ శాఖ కావాలని ఈ సంఘం ఏళ్ళ తరబడి అడిగింది. 2025 మేలో అది వచ్చింది. మంత్రి విల్డ్‌బెర్గర్ అంతకుముందు ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థను నడిపిన మనిషి. అడిగింది దక్కాక ఆ సంఘం మంత్రిని ఎంత గట్టిగా విమర్శిస్తుందన్నది ఇకపై చూడవలసిన విషయం. ఇప్పుడే తీర్పు రాయకు.

తిరగరాసేటప్పుడు ఫోను మీది 6.25 యూరోలతో మొదలుపెట్టు, సంఘం పుట్టుపూర్వోత్తరాలు మూడో పేరాకు జరుపు. ఇంకొకటి. స్థలం చాలకపోతే సంపాదకుడు మొదట కోసేది సర్వే ఎవరిని అడిగి చేశారో చెప్పే వాక్యాన్నే. దాన్ని విడిగా ఉంచకు. అంకె ఉన్న వాక్యంలోనే, అంకెకు ముందే కలిపి రాయి, కోయడానికి వీలుండదు.