రంగు కొట్టి బొగ్గేస్తే నడుస్తుందా?

ప్రశ్న: సార్, మొన్న పిల్లలతో ఊటీ వెళ్లి ఆవిరి రైలెక్కాం. మన నౌపడ-గుణుపురం చిన్న రైలు కూడా ఒకప్పుడు ఇలాగే పొగ వదులుతూ వెళ్లేదని చెప్తే నమ్మట్లేదు. మ్యూజియంలో పెట్టిన పాత ఇంజన్‌కి రంగు కొట్టి, బొగ్గేసి, టూరిస్టుల కోసం ఇక్కడే నడపొచ్చు కదా?
- ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ముందు పిల్లల సంగతి. ఊటీ ఊళ్లోకి రైలు చేరింది 1908లో. పర్లాకిమిడికి 1900లోనే వచ్చేసింది, అదీ రాజావారు పూనుకుని వేయించిన లైను. గట్టిగానే చెప్పండి.

ఇక నడపడమా, ఇంజన్ దాకా ఎందుకు, అసలు పట్టాలే లేవండీ. మీ చిన్న రైలుది రెండున్నర అడుగుల గేజ్, అంటే రెండు పట్టాల మధ్య ఎడం అంత. 2004లో దాన్ని ఆపేసి, తర్వాత బ్రాడ్‌గేజ్ వేశారు, అంటే 762 మిల్లీమీటర్ల ఎడం కాస్తా 1676 అయింది. పోనీ వేరేచోటి నుంచి ఇంజన్ తెద్దామన్నా ఊటీది మీటర్‌గేజ్, డార్జిలింగ్‌ది రెండడుగులు, ఏదీ మీ పాత పట్టాల మీద కూడా కూర్చోదు. బ్రాడ్‌గేజ్ వేయడం తప్పని నేననను, నౌపడలో సామాను మోసుకుంటూ చిన్న రైలు నుంచి పెద్ద లైను బండికి మారిన వాళ్లెవరూ అనరు. కానీ ఓ నాలుగు కిలోమీటర్లు పాత పట్టాలు వదిలేసుంటే ఎంత బావుండేది!

రంగు సంగతికొస్తే, ఏళ్ల తరబడి ఎండకీ వానకీ నిలబెట్టిన ఇంజన్లో అసలు పాడయ్యేది పైకి కనపడదు. బాయిలర్ లోపలి గొట్టాలు తుప్పుపట్టి పలచబడతాయి, ఆ స్థితిలో ఆవిరి నింపితే అది ఇంజన్ కాదు, బాంబే. అందుకే గొట్టాలు మార్చి, ముందు చల్లనీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసి, అది తట్టుకుంటేనే నిప్పు వెయ్యనిస్తారు. అప్పుడైనా తొందర పనికిరాదు, లోహం అంతటా నిదానంగా వేడెక్కాలి కాబట్టి గంటల తరబడి కాస్తారు. నిప్పుగది పైకప్పు మీద నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి, తగ్గాయా అక్కడ బిగించిన బిరడాలోని సీసం కరిగి ఆవిరి నేరుగా నిప్పుల మీదకి దూకుతుంది. డ్రైవరు మాటిమాటికీ నీటిమట్టం చూపే గాజుగొట్టం వైపు తల తిప్పేది ఈ టెన్షన్‌తోనే.

ప్రశ్న: ఊటీ రైలుకి పట్టాల మధ్యలో ఆ పళ్లు ఎందుకు?
- ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: జారిపోకుండా. కల్లార్ నుంచి కూనూరు దాకా కొన్నిచోట్ల 12 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కాలి, ఉత్త చక్రాలకి అక్కడ పట్టు దొరకదు. ఇంజన్ కింద ఉన్న పళ్లచక్రం ఆ పళ్లని పట్టుకుని ఎక్కుతుంది. కూనూరు దాటాక ఆ పళ్ల పట్టా ఉండదు, ఆవిరి ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ తగిలిస్తారు.