గేమ్ ఇంజిన్‌కు ఈవెంట్ కమాండ్లు రాస్తున్నాడు, మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి అనంతపురంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) గేమ్ తయారీ ఇంజిన్‌కు కొత్త ఈవెంట్ స్క్రిప్టింగ్ సౌకర్యాలు చేరుస్తున్నానని రాత్రిళ్లు మేలుకుంటున్నాడు. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా, మాన్పించమంటారా? (ఒక తండ్రి, తాడిపత్రి)

జవాబు: మాన్పించకండి. కాకపోతే, మొదలుపెట్టిన పనుల్లో ఒక్కదాన్నయినా చివరిదాకా తీసుకువెళ్లమని గట్టిగా చెప్పండి.

మీ అబ్బాయి చేస్తున్నది ఆటలాడటం కాదు. పాత్ర దగ్గరికి రాగానే తలుపు తెరుచుకోవడం, తాళంచెవి లేకపోతే ఒక మాట వినిపించడం వంటి సంఘటనలను కోడ్ రానివారు సైతం మెనూలోంచి ఎంచుకొని అమర్చుకునేలా ఇంజిన్ అందించే ఆదేశాలే ఈవెంట్ కమాండ్లు. ‘ఈ షరతు నెరవేరేదాకా ఆగు’ అనే కమాండ్‌నే తీసుకోండి. సెకనుకు 60 ఫ్రేములు (తెరపై వరసగా మారే చిత్రాలు) నడిచే ఆటలో ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే కాబట్టి, ఆ ఆగడాన్ని మామూలు లూప్‌గా (షరతును ఆపకుండా మళ్లీ మళ్లీ పరీక్షించే కోడ్‌గా) రాస్తే తెర మొత్తం బిగుసుకుపోతుంది. ఈవెంట్ ఎక్కడ ఆగిందో, కమాండ్లను ఒక్కొక్కటిగా చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్ గుర్తుపెట్టుకొని, మిగతా ఆటకు దారి వదిలి, తర్వాతి ఫ్రేములో మళ్లీ షరతును పరీక్షించాలి. సరిగ్గా ఆ సమయంలో ఆటగాడు సేవ్ చేస్తే, ఆగిన చోటు కూడా సేవ్ ఫైల్లో చేరాలి. పాత వెర్షన్‌లో తయారైన ఆటలు కొత్త వెర్షన్‌లో చెడిపోకూడదు. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇదే. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్ డిజైన్ పుస్తకాల్లో పరీక్ష కోసం చదివే విషయాలు ఇక్కడ చేతికి అందుతాయి.

కమాండ్ చేర్చడం కంటే దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టడం బరువైన పని. గోడో (Godot) అనే ఓపెన్ సోర్స్ గేమ్ ఇంజిన్‌లో 2018లో 3.0 వెర్షన్‌తో వచ్చిన విజువల్ స్క్రిప్టింగ్‌ను (కోడ్ టైపు చేయకుండా తెరమీది పెట్టెలను కలిపి ఆదేశాలు అమర్చే పద్ధతిని), వాడేవారు తక్కువగా ఉన్నారని, 2023లో వచ్చిన 4.0 నుంచి నిర్వాహకులే తొలగించారు. అందువల్ల మీ అబ్బాయి కోడ్ రాయకముందే తన ప్రతిపాదనను నిర్వాహకుల ముందు పెట్టి, అది ఎవరికి అవసరమో చెప్పగలగాలి. వారు అడిగిన మార్పులు చేసి, పరీక్షలూ వాడుక వివరణా జతచేసి, ఇంజిన్‌లో కలిసేదాకా తెచ్చిన ఒక్క కమాండ్, సగంలో వదిలేసిన పదింటికన్నా రెజ్యూమేలో బలంగా ఉంటుంది.

గేమ్ ఇంజిన్లు తయారుచేసే ఉద్యోగాలు మన దేశంలో తక్కువే, అనంతపురంలోనైతే ఆశించనక్కరలేదు. అయితే ఇంటర్‌ప్రెటర్ రాసిన అనుభవం బెంగళూరు, హైదరాబాద్‌లలో డెవలపర్ టూల్స్, ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థల ఇంటర్వ్యూలలో పనికొస్తుంది. 18 ఏళ్లు నిండినవారికి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే మార్గమూ ఉంది. ఎంపికైనవారు ఓపెన్ సోర్స్ సంస్థల మార్గదర్శుల దగ్గర పనిచేస్తారు, పని నెగ్గితే స్టైపెండ్ వస్తుంది.

బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. ఉంటే ముందు అవి తీరాలి, ఎందుకంటే చాలా సంస్థలు క్యాంపస్ ఎంపికల్లో బ్యాక్‌లాగ్ ఉన్నవారిని రాతపరీక్షకే పిలవవు. లేకపోతే, రాత్రి పనికి ఒక వేళ పెట్టుకోమని చెప్పి, కలిసిన కమాండ్‌ను ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మీకు నడిపి చూపించమనండి.