రాడ్ పెట్టినా బకెట్ అడుగు చల్లగానే ఎందుకు?

ప్రశ్న: మాది రాయగడ. చలికాలం పొద్దున్నే బకెట్లో హీటర్ రాడ్ పెడతాం. పైన నీళ్లు చుర్రుమంటాయి, అడుగునేమో ఐసే. ఏటిది, రాడ్ పాడయిందా?

జవాబు: రాడ్ బాగానే ఉందండీ, కాకపోతే మీ బకెట్‌కి పొట్టిదైపోయింది. కాయిల్ పక్కన వేడెక్కిన నీళ్లు కాస్త వ్యాకోచించి తేలికైపోతాయి, లీటరు నీళ్లు 20 డిగ్రీల దగ్గర సుమారు 998 గ్రాములుంటే 60 దగ్గర 983, ఆ 15 గ్రాముల తేడా చాలు, అవి పైకి లేస్తాయి, వాటి చోటులోకి చుట్టూ ఉన్న చల్లనీళ్లు వచ్చి మళ్లీ వేడెక్కుతాయి. దీన్నే సంవహనం అంటారు. కానీ కాయిల్ కింద ఉన్న నీళ్లు ఆల్రెడీ బరువైనవి, అవి పైకెందుకొస్తాయి? పైనుంచి కిందకి వేడి పాకాలంటే వహనమే దిక్కు, అంటే నీళ్లు కదలకుండానే ఒక పొర నుంచి పక్క పొరకి వేడి పాకడం, నీళ్లలో అది మహా బద్ధకం. పొయ్యి మీద గిన్నెకి ఈ బాధ లేదు, మంట అడుగునే కదా.

గోపాల్‌పూర్ బీచ్‌లో మధ్యాహ్నం సముద్రం నుంచి వచ్చే గాలీ ఇదే లెక్క, ఇసుక మీద గాలి వేడెక్కి లేస్తే నీళ్ల మీది చల్లగాలి లోపలికొస్తుంది.

పొడుగు రాడ్ తెచ్చుకోండి, లేదా కలుపుకోండి, కాకపోతే ప్లగ్ పీకాకే, చెక్క గరిటెతో అయినా సరే.