పగలు వాహనాలు ఎక్కువ కదా, మరి ఢిల్లీలో రాత్రి గాలి ఎందుకు ఎక్కువ చెడిపోతుంది?

మీరు అడిగినవి రెండు: రద్దీ తగ్గిన అర్ధరాత్రి వేళ ఢిల్లీలో కాలుష్యం ఎందుకు పెరుగుతుంది, గాలిలోని ‘ఆర్గానిక్’ కణాలంటే ఏమిటి. పరిశోధక విద్యార్థిగా అక్కడ రెండు శీతాకాలాలు గాలి నమూనాలు సేకరించాను కనుక, చూసినదాన్ని బట్టి చెబుతాను.

ముందు ఆ మాట సంగతి. సేంద్రియ కూరగాయల పుణ్యమా అని ఆర్గానిక్ అంటే మంచిదన్న భావన స్థిరపడింది; ఇక్కడ దాని అర్థం కర్బన సమ్మేళనాలని మాత్రమే. డీజిలు పొగలోని నూనె తుంపరలు, కట్టెల పొగలోని తారు, మరిగిన వంటనూనె నుంచి లేచే కొవ్వు ఆమ్లాలు అన్నీ వీటిలోకే వస్తాయి.

మేడమీది యంత్రంలో పన్నెండు గంటలకొకసారి క్వార్ట్జ్ ఫిల్టరు మార్చేవాళ్ళం. వాడకముందు దానిని కొలిమిలో కాల్చి, అంతకుముందు అంటిన కర్బనాన్ని పోగొట్టాలి. వాడిన తరువాత అల్యూమినియం రేకులో చుట్టి ఫ్రీజరులో దాచాలి. ఒకసారి రాత్రి ఫిల్టరును బల్లమీదే మరిచిపోయి మరునాటి మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, గదంతా కట్టెల పొగ వాసన. ఫిల్టరు మీద కణంగా ఉన్నదే కొంత తిరిగి ఆవిరై గదిలోకి వచ్చేసిందన్నమాట. నమూనా పాడై గైడు చేత చీవాట్లు తిన్నాను గానీ, ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కని విషయం ఆ రోజు ఎక్కింది: ఈ పదార్థాలు మట్టి రేణువుల వంటివి కావు, ఆవిరికీ కణానికీ మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.

రాత్రి చలికి ఆవిరిగా ఉన్నది గడ్డకట్టి కణాలకు అంటుకుంటుంది. పైగా పగలు కిలోమీటరు దాకా లేచే గాలి పొర రాత్రికి కొన్ని వందల అడుగులకు కుంగి, మూత పెట్టినట్లు పొగను కిందనే పట్టి ఉంచుతుంది. సరిగ్గా ఆ వేళకే సరుకు లారీలు నగరంలోకి వస్తాయి, కాపలాదారులు నెగళ్ళు వేసుకుంటారు. మా రాత్రి ఫిల్టర్లు నల్లగా, పగటివి మట్టిరంగులో ఉండేవి.

ఆ రంగు తేడా వెనుక రసాయన చర్య కూడా ఉంది. ఎండలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన అణు శకలాలు పెట్రోలు, పొగల ఆవిర్లకు ఆక్సిజన్ తగిలిస్తాయి; అలా బరువెక్కిన అణువులు ఆవిరిగా నిలవలేక కణాలుగా మారతాయి. ఇవి ఏ గొట్టంలోంచీ కణాలుగా వెలువడినవి కావు, గాలిలోనే తయారైనవి. అణువులను ముక్కలు చేసి, ఆ ముక్కలను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటరులో ఇలా గాలిలో ముదిరిన పదార్థాన్ని 44 బరువు దగ్గర, తాజా వాహన పొగను 57 దగ్గర, కట్టెల పొగను 60 దగ్గర గుర్తుపడతాం. మధ్యాహ్నం కణాల మొత్తం తగ్గినా, 44 వాటా పెరుగుతుంది.

ఈ సంగతి లాస్ ఏంజిల్స్ కష్టపడి నేర్చుకుంది. 1943లో కళ్ళు మండించిన పొగమంచుకు కృత్రిమ రబ్బరు కోసం బ్యుటాడైన్ తయారుచేసే కర్మాగారమే కారణమని దానిని కొంతకాలం మూయించినా పొగమంచు పోలేదు. వాహనాల, చమురు శుద్ధి కేంద్రాల ఆవిర్లు ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో చర్య జరపడమే మూలమని రసాయన శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో చూపించారు. ఇప్పుడు అక్కడి కార్లు చాలా శుభ్రపడినందున పెయింట్లు, సెంట్లు, శుభ్రపరిచే ద్రావకాల ఆవిర్లు వాటితో పోటీపడుతున్నాయి.

2016 జనవరిలో ఢిల్లీలో పెట్టిన సరి-బేసి పద్ధతి (సరి సంఖ్య కార్లు ఒక రోజు, బేసి సంఖ్యవి మరో రోజు) ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకే అమలైంది. రాత్రి లారీలనూ నెగళ్ళనూ అది తాకలేదు. అలాంటి పద్ధతితో అర్ధరాత్రి కాలుష్యం అంకె పెద్దగా దిగుతుందని నేనైతే ఆశించను.