దొరగారికి తెలుగు నేర్పిన మనిషి ఎక్కడ?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల అందింది. రాసినంత వరకూ చదివాను. కథ చెప్పే ఒడుపు నీకుంది, దాని గురించి ఇక్కడ మళ్లీ పొగడను. నాకు అడ్డం తగిలింది మూడో అధ్యాయం. 1865 ఏప్రిల్‌లో భార్యాబిడ్డలతో మద్రాసులో ఓడ దిగిన నీ అమెరికన్ పాస్టరు, ఆరు నెలలు తిరక్కుండానే నెల్లూరు దగ్గర సంతలో నిలబడి గుక్క తిప్పుకోకుండా తెలుగులో ప్రసంగించేస్తున్నాడు. ఇంత తెలుగు ఎలా వచ్చిందయ్యా అంటే నువ్వు చెప్పిన జవాబు ఒకే ఒక్క వాక్యం: "మున్షీ రోజూ వచ్చి పాఠం చెప్పేవాడు." ఆ మున్షీకి పేరు లేదు, ఊరు లేదు, ఇల్లు లేదు, జీతం లేదు.

నువ్వు ఆయన్ని కావాలని వదిలేశావని అనను. నువ్వు ఆధారంగా పెట్టుకున్న కాగితాల్లోనే ఆయన లేడు. మిషనరీల ఉత్తరాలూ, ఏడాదికోసారి అచ్చయ్యే నివేదికలూ ఎవరి కోసం రాశారో ఒకసారి ఆలోచించు. బోస్టన్‌లోనో లండన్‌లోనో కూర్చుని చందాలు పంపేవాళ్ల కోసం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు శామ్యూల్ డే దంపతులు 1835లో బోస్టన్‌లో ఓడెక్కారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు అన్నీ తిరిగి 1840లో నెల్లూరులో కుదురుకున్నారు. ఏళ్లు గడిచినా మతం పుచ్చుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన బాప్టిస్టుల సభలో ఈ తెలుగు మిషన్‌ని మూసేద్దామా అన్న చర్చే వచ్చింది. పటంలో అది ఒంటరి నక్షత్రంలా ఉందన్న మాట పట్టుకుని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ పద్యం రాయడం, మిషన్ బతికి బట్టకట్టడం నీకు తెలిసిన కథే. మరి అలాంటి టెన్షన్‌లో ఉన్న మనిషి ఇంటికి రాసే ఉత్తరంలో ఏముంటుంది? ఆశ ఉంటుంది, దేవుడి దయ ఉంటుంది, ఎండ ఉంటుంది, విగ్రహాలుంటాయి. నెలకిన్ని రూపాయలిచ్చి పెట్టుకున్న పంతులుగారు నిన్న నా నోటి తెలుగు విని నవ్వు ఆపుకోలేకపోయారు అన్న సంగతి ఉండదు. నువ్వు ఆ ఉత్తరాలని నమ్ము, కానీ వాటిలో లేనిది లోకంలోనూ లేదని అనుకోకు.

పేరు దొరికిన మనిషి ఒకరున్నారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డీ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. 1809లో ఒకరు, మరుసటి ఏడు రెండోవారు పోయారు. వాళ్లు పట్టుకున్న సువార్తల తెలుగు అనువాదం మాత్రం 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఇద్దరు పరదేశులు ఆ కొద్ది ఏళ్లలో, ఆ జబ్బుల మధ్య, అంత పని చేయగలిగారంటే పక్కన ఆనందరాయర్ ఉన్నాడు కనక. మరాఠీ బ్రాహ్మణుడిగా పుట్టి క్రైస్తవంలోకి వచ్చినవాడు. ఆయన పేరైనా మిగిలింది. మిగతావాళ్లంతా మున్షీ అనే ఒక్క మాట వెనక ఉండిపోయారు. నవల రాసేవాళ్లకి ఇంతకన్నా పెద్ద ఖాళీ జాగా ఎవరిస్తారు?

అందుకని ఆ పాఠం జరిగే వరండాని ఒకసారి మున్షీ కూర్చున్న వైపు నుంచి చూడు. ఎండ ముదరక ముందే వస్తాడు. చెప్పులు మెట్ల కింద వదిలి, దొర చూపించిన కుర్చీలో కూర్చోవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఇంట్లో మంచినీళ్లు పుచ్చుకోడు. దొరగారికి టకారానికీ తకారానికీ తేడా చెవిన పడదు, ళకారం నోట పలకదు. నాలుక ఎక్కడ ఆనాలో చూపించాలంటే ఈయన తన నోరు తెరిచి చూపించాలి. వయసులో పెద్దవాడు, శాస్త్రం చదువుకున్నవాడు. చూపిస్తాడు. ఇంటికి వెళ్లాక బావి దగ్గర నాలుగు చేదలు నెత్తిన పోసుకుని గాని గడప దాటి లోపలికి పోడు. పాఠం పూర్తయ్యాక దొరగారు తాను రాసుకున్న ప్రసంగం ముందుకి తోస్తాడు, దిద్దిపెట్టమని. ఈయన పొద్దున్నే పూజ చేసి వచ్చిన దేవుళ్లనే అందులో తెగనాడి ఉంటాడు. మున్షీ కలం తీసి విభక్తులు సరిచేస్తాడు. ఎందుకు సరిచేస్తాడు? జీతం కోసమా, తప్పు తెలుగు చూస్తూ ఊరుకోలేకా, పిల్ల పెళ్లికి చేసిన అప్పుందా? పాఠకుడికి నువ్వు చెప్పక్కర్లేదు. రాస్తున్నంతసేపూ నీకు మాత్రం తెలిసి ఉండాలి.

ఇక దొరల నోట్లో పెట్టిన తెలుగు సంగతి. "టుమ్ ఏమి చేస్టావు" అని మన సినిమాల్లో దొరలు మాట్లాడే భాష ఒకటుంది. దయచేసి అది వద్దు. నవ్వించడానికి ఒకసారి పనికొస్తుందేమో గాని మనిషిని నిలబెట్టదు. భాష నేర్చుకునేవాడు చేసే ప్రతి తప్పుకీ ఓ కారణం ఉంటుంది, ఆ కారణం పట్టుకుంటే పాత్రే దొరుకుతుంది. ఒక్కసారి ఆ ఇంట్లో రోజంతా వినిపించే తెలుగేమిటో చూడు. నౌకర్లకి చెప్పే మాటలు: తే, పెట్టు, పిలు, పో. దొరకి ముందుగా వచ్చే క్రియలన్నీ ఇవే. ఆ తెలుగుతోనే వెళ్లి ఊరి రెడ్డిగారిని పలకరిస్తాడు. రెడ్డిగారి మొహం ఎలా ఉంటుందో నువ్వే రాయి. ఈ బాధ తప్పించుకుందామని మున్షీ నేర్పిన పుస్తకాల తెలుగు ఎత్తుకుంటాడు. దాన్ని తీసుకెళ్లి మాదిగపల్లెలో "మీరెల్లరును విచ్చేసితిరా" అంటాడు. వాళ్లు చేతులు కట్టుకుని నిలబడి, ఇది మంత్రమేమో అనుకుని తల ఊపుతారు. ఏడాది పోయాక ఇంకో రకం తప్పులొస్తాయి. మనం, మేము రెండూ ఒకటే అనుకుని, ప్రార్థనలో "ప్రభువా, మనం పాపులం" అంటాడు. దేవుణ్ణి కూడా పాపుల జాబితాలో కలిపేశాడని వెనక వరసలో ఉన్న ముసలాయనకి అర్థమవుతుంది, ఆయన ఏమీ అనడు.

అసలు కొత్తగా వచ్చినవాణ్ణి వెంటనే ప్రసంగానికి నిలబెట్టకు. 1865 ఏప్రిల్‌లో దించావంటే క్లౌ దంపతుల్ని మనసులో పెట్టుకున్నావని తెలుస్తూనే ఉంది. ఆ అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జాన్ క్లౌ, హారియట్ 1864 చివర బయల్దేరి ఆ ఏప్రిల్‌కే చేరారు. అదే ఓడలో లైమన్ జ్యూయెట్ కూడా ఉన్నాడు, 1849 నుంచీ నెల్లూరు ఎరిగినవాడు. అంటే కొత్తవాడి ముందు ఏళ్ల తరబడి తెలుగులో నలిగిన పెద్దమనిషి ఒకడుంటాడు. ఆయన మాట్లాడుతుంటే ఇతను పక్కన నిలబడి కరపత్రాలు పంచుతాడు, ఒక్కో వాక్యంలో తెలిసిన మాట ఏదైనా దొరుకుతుందా అని చెవులు రిక్కిస్తాడు. అసూయ కూడా పడతాడు, పడనీ.

ఒక చిన్న విషయం. నీ పాస్టరు బల్ల మీద ఆర్డెన్ వ్యాకరణం పెట్టావు. మచిలీపట్నంలో పనిచేసిన ఆర్డెన్ దాన్ని 1873లో గాని అచ్చు వేయించలేదు. తీసేయి. 1816 నాటి క్యాంప్‌బెల్ వ్యాకరణం పెట్టుకో, 1840 నాటి బ్రౌన్ వ్యాకరణం పెట్టుకో, 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు పెట్టుకో. ఆ నిఘంటువు బరువైన పుస్తకం, పంకా గాలికి కాగితాలు ఎగరకుండా పెట్టడానికి కూడా పనికొస్తుంది.

దొరసానిని నువ్వు మరీ మూల కూర్చోబెట్టావు. దానికి కూడా కారణం ఆ నివేదికలే. వాటిలో భార్య సాధారణంగా భర్త పేరు వెనక ఒక "మిసెస్" మాత్రమే. కానీ ఇంట్లో తెలుగు ఆమెకే ఎక్కువ అవసరం. ఆయన పాఠం చదువుకునే వేళకి ఆమె పిల్లాడికి జ్వరం చూస్తుంటుంది, చాకలి పద్దు రాస్తుంటుంది, బియ్యంలో రాళ్ల గురించి వంటవాడితో గొడవపడుతుంటుంది. వ్యాకరణం ఆమెకి ఎప్పటికీ పూర్తిగా రాదు, భాష మాత్రం వచ్చేస్తుంది. ఘోషా పాటించే ఇళ్లలోకి భర్త అడుగు పెట్టలేడు, ఆమె వెళ్లగలదు. అక్కడ ఆడవాళ్లు ఆమెని ముందుగా అడిగేది దేవుడి గురించి కాదు. పిల్లలెంతమంది, చేతులకి గాజులు లేవేం, మీ అత్తగారు ఎక్కడ? ఆ అధ్యాయం నీకన్నా బాగా ఎవరూ రాయలేరు, మీ అమ్మమ్మ దగ్గర పెరిగినదానివి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇలాంటి కథ రాస్తే మన దగ్గర రెండు గుంపులు ఎదురుచూస్తూ ఉంటాయి, ఒకరు హారతి పట్టమని, ఇంకొకరు బోనెక్కించమని. ఎవరి మాటా వినకు, అలాగని కష్టమైన చోట పక్కకి తప్పుకోకు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. అన్నం కోసం మతం మారారన్న నింద వస్తుందని ఆ పని నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న, గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒకే రోజు 2,222 మందికి ఇచ్చారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి చెప్పి రెండోది దాచకు. ఇంకో సంగతి, కాలువ కాంట్రాక్టు ఆయన చేయగలిగింది ప్రార్థన వల్ల కాదు, మిషనరీ కాకముందు అమెరికాలో భూమి సర్వే చేసిన మనిషి కాబట్టి. నీ పాస్టరు ఇక్కడికి రాకముందు ఏ పని చేసేవాడో ఎక్కడా చెప్పలేదు నువ్వు. వడ్రంగమా, బడిపంతులా? అది తేలితే ఊళ్లో అతను దేన్ని ముందు చూస్తాడో తేలుతుంది.

అలాగే మతం పుచ్చుకున్నవాళ్లని ఖాళీ కుండల్లా చూపించకు. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు, అంతకుముందే యోగ గురువుల వెంట తిరిగి వెతుక్కున్నవాడు. క్లౌ రెండో భార్య ఎమ్మా రాషెన్‌బుష్ 1899లో వేసిన పుస్తకంలో మాదిగ పెద్దలు చెప్పిన కథలు దొరుకుతాయి. ఆమె కళ్లజోడు ఆమెదే అనుకో, అయినా వెనకాల ఆ మనుషుల గొంతు వినపడుతుంది. పాత నివేదికలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. ఉత్తరాల అసలు ప్రతులు కావాలంటే లండన్ మిషనరీ సొసైటీవి లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో, చర్చి మిషనరీ సొసైటీవి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉంటాయి. ముందు ఉచితంగా దొరికేవి చదువు. నౌకర్ల జీతాల పద్దు కనిపిస్తే వదలకు, ప్రసంగాల పేజీలు దాటేసినా పరవాలేదు.

చివరగా పిల్లలు. ఇంతవరకూ నీ నవలలో పసివాడు ఏడవడానికి తప్ప నోరు విప్పలేదు. నిజానికి ఆ ఇంట్లో అందరికన్నా ముందు తెలుగు వచ్చేది వాడికే. ఆయా చంకలో ఉండి, వంటింటి గుమ్మంలో ఆడుకుని, నాలుగేళ్లకల్లా ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ మాట్లాడతాడు. తండ్రి తప్పుని బల్ల దగ్గర అందరి ముందూ దిద్దేది వాడే. వాడి తెలుగు ఎవరిది? ఆయాది, ఆమె పేటది. మున్షీ వింటే చెవులు మూసుకునే తెలుగు, పల్లెలో తండ్రికి పనికొచ్చేది మాత్రం అదే. ఇది తండ్రికి ఎప్పుడు తెలిసొస్తుందో నిర్ణయించుకో.

తర్వాత వాణ్ణి పంపేస్తారు. ఆరేడేళ్లు నిండితే చదువుకని, ఆరోగ్యమని ఆ పిల్లల్ని ఓడెక్కించి బంధువుల ఇళ్లకి చేర్చేవాళ్లు. మిషనరీల పిల్లల కోసం కొడైకెనాల్‌లో బడి వచ్చింది 1901లో. నీ కథ కాలానికి అది లేదు. సూయజ్ కాలువ కూడా 1869 దాకా తెరవలేదు, గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగి వెళ్లే ఓడకి నెలలు పట్టేది. పిల్లాడు క్షేమంగా చేరాడన్న ఉత్తరం తిరిగి వచ్చేసరికి వాడి పుట్టినరోజు ఒకటి గడిచిపోయి ఉంటుంది. అక్కడ వాడితో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. వాడు మర్చిపోతాడు. ఇక్కడ తల్లికి తెలుగు రోజురోజుకీ బాగుపడుతుంటుంది. ఆయా ఏమంటుందో, మళ్లీ ఏ ఇంట్లో పనికి కుదురుతుందో ఏ నివేదికలోనూ దొరకదు, నువ్వే కల్పించాలి. ఈ అధ్యాయం నువ్వింకా మొదలుపెట్టలేదు కదా, మిగతావి దిద్దే ముందు ఇది రాసి పంపు. సంక్రాంతి లోపు అందితే తీరుబడిగా చదువుతాను.