కోతి నుంచి మొదలుపెట్టకు

అబ్బీ,

ప్రైమేట్ల (కోతులు, దేవాంగపిల్లులు, మనుషులు చేరే జంతువర్గం) పుట్టుక మీద నువ్వు పంపిన వ్యాసం చదివినాను. ముందు మొదటి వాక్యం కొట్టేయి. 'మనిషి కోతి నుంచి పుట్టాడు' అన్నావు. యాగంటి మెట్ల మీద కొబ్బరిచిప్ప లాక్కుపోయే కోతి మన పూర్వీకుడు కాదు. దానికీ మనకూ ఉమ్మడి పూర్వీకులు సుమారు 2.5 నుంచి 3 కోట్ల ఏళ్ల కిందట ఉండేవి. చింపాంజీతో మనం విడిపోయి 60, 70 లక్షల ఏళ్లు. అది కూడా మనకు తాత కాదు, దాయాది.

తర్వాత, పర్గటోరియస్ అనే పాత శిలాజ జంతువుతో ఎత్తుకోవద్దు. అమెరికాలోని మోంటానాలో దొరికిన 6.6 కోట్ల ఏళ్ల నాటి చిన్న పళ్లను మొదటి పేరాలోనే పెడితే మన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. పైగా అది ప్రైమేట్ల వంశానికి మొదలా, పక్కకొమ్మా అన్నది ఇంకా తేలలేదు. మనిషిని పక్కన పెడితే రాయలసీమ కొండల్లో మూడు ప్రైమేట్లున్నాయి: కోతి, కొండముచ్చు, దేవాంగపిల్లి. వాటి నోళ్లు తెరిచి చూపించు.

కోతికి పైనా కిందా, ఒక్కో పక్క రెండు కొరికే పళ్లు, ఒక కోర, రెండు చిన్న దవడపళ్లు, మూడు పెద్ద దవడపళ్లు, మొత్తం 32. కొండముచ్చుకూ అంతే, మనకూ అంతే. దేవాంగపిల్లికి చిన్న దవడపళ్లు పక్కకు మూడు, అందుకే 36. కింది ముందుపళ్లు ముందుకు వాలి ఉంటాయి, వాటితో బొచ్చు దువ్వుకుంటుంది. ముక్కు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. కాలి రెండో వేలికి చదును గోరు బదులు గోక్కోవడానికి పనికొచ్చే వాడి గోరు. ఈ గుర్తులన్నీ ఆ కొమ్మ ఎంతో ముందే చీలిందని చెబుతాయి. దానికి తోడు విటమిన్ సి సంగతి కూడా రాయి: దేవాంగపిల్లి వర్గం దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. కోతికీ కొండముచ్చుకూ మనకూ ఆ పని చేసే జన్యువు పాడైపోయింది, అందుకే తిండిలోనే దొరకాలి. ముగ్గురికీ ఒకే జన్యువు చెడడం చుట్టరికానికి గట్టి సాక్ష్యం.

కోతి బుగ్గల్లో సంచులున్నాయి, కొండముచ్చుకు లేవు, దాని బదులు ఆకులు పులిసే గదులతో పొట్ట ఉంది అని రాశావు. నిజమే గానీ అవి తిండిని బట్టి వచ్చిన తేడాలు. వాటిని పళ్ల లెక్కతో ఒకే పేరాలో కలిపేస్తే చదివేవాడు తికమకపడతాడు.

అంకెల్లో ఒకచోట కాలు జారినావు. మిలియన్ అంటే 10 లక్షలు, కాబట్టి 55 మిలియన్ 5.5 కోట్లు అవుతుంది, 55 కోట్లు కాదు. గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ (గోధుమ బొగ్గు) గనిలో దొరికిన ప్రైమేట్ల దవడలు సుమారు 5.4 కోట్ల ఏళ్లవి. ఏ వయసు రాసినా అది శిలాజానిదో, జన్యువుల్లోని తేడాలను బట్టి వేసిన లెక్కదో పక్కనే చెప్పు. శిలాజం 'కనీసం ఇంత పాతది' అని మాత్రమే చెబుతుంది. జన్యువుల లెక్క ప్రైమేట్ల మొదలును డైనోసార్లు తిరిగే కాలానికి తీసుకుపోతుంది. రెండింటినీ ఒకే గీత మీద పెడితే వ్యాసం తనతో తానే పోట్లాడుకుంటుంది.

నీ రాతలో అన్నిటికన్నా బలమైన సరుకు రామాపిథెకస్ అనే తోకలేని వానరం శిలాజం. దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశావు, అన్యాయం! 1932లో హిమాచల్‌లోని హరితల్యాంగర్ దగ్గర లూయిస్ అనే పరిశోధకుడికి దొరికింది పైదవడ ముక్క మాత్రమే. దవడ నడిమి గీత ఎక్కడుందో తెలియకుండానే రెండో పక్క ఊహించి అతికారు. దవడ మనిషిదాని మాదిరి గుండ్రంగా వంగింది, 'తొలి మనిషి' అన్న పేరొచ్చింది. 1967లో సారిచ్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు రక్తంలోని ప్రొటీన్లను పోల్చి మనిషి, ఆఫ్రికా వానరాలు (చింపాంజీ, గొరిల్లా) విడిపోయి సుమారు 50 లక్షల ఏళ్లేనన్నారు. ఆ లెక్కన అంతకన్నా పాతదైన రామాపిథెకస్ తొలి మనిషి కాలేదు, కానీ ఎముకలు చదివే శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. తర్వాత దొరికిన పూర్తి దవడలో ఆ వంపు లేదు. పాకిస్తాన్‌లోని పోట్వార్‌లో దొరికిన శివాపిథెకస్ అనే మరో శిలాజ వానరం ముఖాన్ని శాస్త్రవేత్త పిల్‌బీమ్ 1982లో ప్రచురించాడు, అది మనిషికి కాదు, ఆసియా వానరం ఒరాంగుటాన్‌కు దగ్గరగా ఉంది. రామాపిథెకస్‌ను శివాపిథెకస్‌లోనే కలిపేశారు. ఈ క్రమమంతా రాయి, ఒక పేజీ పోయినా పర్వాలేదు.

బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహలను మాత్రం మరిచిపోవద్దు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వించాడు. ఆ ఎముకల్లో బబూన్ అనే కుక్కమూతి కోతి జాతిది ఉందని శిలాజాలు చదివే లిడెకర్ 1886లో రాశాడు, ఇవాళ మన దేశంలో బబూన్లే లేవు. కానీ ఒక జాగ్రత్త. గుహ సున్నపురాయి ప్రైమేట్ల కంటే ఎంతో పాతది. ఎముకలున్నది లోపల పేరుకున్న మట్టిలో, దాని వయసు మహా అయితే కొన్ని లక్షల ఏళ్లు. రాయి వయసు ఎముకకు అంటగడితే బబూన్ డైనోసార్ల కంటే ముందు పుట్టినట్టు అవుతుంది!

బొమ్మ విషయం. వంగిన కోతి మెల్లగా నిటారై మనిషయ్యే వరుస బొమ్మ వద్దు. చిత్రకారుడితో కొమ్మల చెట్టు వేయించు: ఇప్పుడున్న జంతువులన్నీ పైన ఒకే మట్టంలో, శిలాజాలు వాటి వాటి కాలాల దగ్గర కింద. శివాపిథెకస్ ఒరాంగుటాన్ కొమ్మ పక్కన ఉందో లేదో అచ్చుకు పంపే ముందు నువ్వే చూసుకో.